చూడని ఆరో భాగం

ఫోను వణికినప్పుడు పిచ్చుక చేతిలో ఎవరో పెద్దమనిషి కింది దవడ ఉంది.

దవడంటే అసలు దవడ కాదు, ప్లాస్టర్ అచ్చు. పళ్ళ డాక్టర్లు కొలతలు తీసి పంపిస్తే కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమె పని. అచ్చు మీద గులాబీ రంగు మైనం పరిచి, ఒక్కో పన్నే వరసలో నిలబెడుతూ నాలుగో పంటి దగ్గరికి వచ్చింది. పని మధ్యలో ఫోను చూస్తే మాస్టారికి గిట్టదు. కానీ పెళ్ళయి మూడు నెలలు నిండని మనిషి జేబులో ఫోను వణికితే చూడకుండా ఉండడం ఎవరి తరం? మైనం కత్తి పక్కన పెట్టి, బల్ల కిందికి ఒంగి, పెరుగు గిన్నె దగ్గర పిల్లిలా నెమ్మదిగా తీసి చూసింది.

భర్త పంపింది కాదు. సినిమా కంపెనీ పంపింది.

'పొగమంచు రేవు' సినిమాల వరసలో పదో భాగం తయారవుతోంది. ఇంకా తుది మెరుగులు దిద్దని ఆ సినిమాను ముందుగా కొందరు అభిమానులకు చూపించి, ఏమనుకుంటున్నారో అడిగి తెలుసుకోవాలని కంపెనీ వాళ్ళ ఆలోచన. వేలమంది దరఖాస్తు పెట్టుకుంటే పన్నెండు మందిని ఎంచుకున్నారు. ఆ పన్నెండు మందిలో మీరొకరు, ఎల్లుండి శనివారం ఉదయం పదింటికి రండి అని ఉంది.

అంతవరకు చదివేసరికి పిచ్చుక కాలు నేల మీద ఆనలేదు. మెసేజ్ కింద ఇంకా చాలా ఉంది. అది తర్వాత చదవొచ్చులే అనుకుని, ఉన్నదున్నట్టు మొత్తం భర్తకు పంపించేసింది. ఆ సంబరంలోనే నాలుగో పన్ను తీసి నిలబెట్టింది. అది ఎడమవైపు పెట్టాల్సింది, కుడివైపు పెట్టింది.

ఆమెకు పిచ్చుక అనే పేరు చిన్నప్పుడు వాళ్ళమ్మ పెట్టింది. ఒక్కచోట కుదురుగా కూర్చోదని. పెళ్ళయిన నాలుగో రోజున అత్తగారింట్లో ఆ పేరు పొక్కిపోయింది, అప్పట్నుంచి భర్తకు వేరే పేరు గుర్తులేదు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అత్తగారి ముందు ఆమె అతన్ని 'మీరు' అంటుంది, గది తలుపు వేశాక 'నువ్వు' అంటుంది. ఆ తలుపు వేయడానికీ నువ్వు అనడానికీ మధ్య ఉండే అరక్షణం ఆమెకు రోజు మొత్తంలో ఎంతో ఇష్టం.

రెండు నిమిషాల్లో అతని ఫోను.

"ఎక్కడున్నావ్?" అంది గుసగుసగా.

"పధ్నాలుగో అంతస్తులో, లిఫ్టు నెత్తిన నిలబడి ఉన్నా. కింద ఎవరో తలుపు బాదుతున్నారు. బాదనీ. పిచ్చుకా, గెలిచాం."

"పడతావ్, జాగ్రత్త."

"పడను. మెసేజ్ మొత్తం చదవలేదు, ఇక్కడ చీకటి, చేతినిండా గ్రీజు. మోచేత్తో నొక్కినట్టు నొక్కి సంఘానికి మాత్రం పంపేశా."

"సంఘానికా?"

"నలభై ఒక్కమందికీ. అధ్యక్షుడుగారు అప్పుడే పదకొండు చప్పట్ల బొమ్మలు పెట్టారు. జన్మలో ఎవరికీ రెండు మించి పెట్టలేదాయన. సరే, ఉంటా, కింద తలుపు ఊడొచ్చేట్టుంది."

సంఘమంటే పాత రేవు సంఘం. దానికి అతను కార్యదర్శి. ఆ సంఘం లెక్కలో 'పొగమంచు రేవు' నాలుగు సినిమాలే. రేవు చివర ఎత్తయిన దీపస్తంభం, దాని మీద ఒంటరి ముసలాయన, ఆయన్ని అభిమానులంతా దీపం తాత అంటారు. సినిమా మొత్తం మీద పట్టుమని పన్నెండు మాటలు మాట్లాడడు. దీపం వెలిగిస్తాడు, అద్దం తుడుస్తాడు, వచ్చిపోయే ఓడల పేర్లు ఓ పుస్తకంలో రాసుకుంటాడు. ఆ రాతల్లోంచే ఏదో ఒక చిక్కుముడి విప్పుతాడు. నాలుగు భాగాలు అలా నడిచాక దర్శకుడు మారాడు. అయిదో భాగం మొదట్లోనే తాత తాళంచెవి అప్పుడప్పుడూ పైకొచ్చి చూసిపోయే మనవరాలి చేతిలో పెట్టి, పడవెక్కి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఈల వేస్తుంది, మెట్ల మీద గెంతుతుంది, రేవులో బ్యాండు మేళం పెట్టిస్తుంది. అయిదు నుంచి తొమ్మిది దాకా ఆమెదే రాజ్యం.

"అవి సినిమాలు కావు, బెలూన్ల కొట్టు," అంటాడు కార్యదర్శి.

ఇక దరఖాస్తు సంగతి. ఇంటికి రెండు పెడితే ఒకటైనా తగలకపోదని అతనే తనదొకటి, భార్యదొకటి నింపాడు. ఆమెది ఆమె ఫోను నుంచే వెళ్ళాలి కాబట్టి ఆఖరి ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసిచ్చి, ల్యాబులో తీరిక దొరికినప్పుడు ఎక్కించమన్నాడు. 'మీరు మరిచిపోలేని సన్నివేశం ఏది, ఎందుకు?' అన్నది ప్రశ్న. అతను రాసింది రెండో భాగంలో తాత నాలుగు నిమిషాలపాటు మాటా పలుకూ లేకుండా అద్దం తుడిచే సన్నివేశం గురించి. పిచ్చుక టీ తాగుతూ రెండు వాక్యాలు ఎక్కించింది. వేలు ఆగిపోయింది. వేలమందిలో నాది ఎవరు చూడొచ్చారులే అనుకుంది. ఆ రెండు వాక్యాలూ చెరిపి, తనకు తోచింది రాసి పంపేసింది.

ఆ విషయం ఇప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ బల్ల కిందికి ఒంగి మెసేజ్ కిందికి జరిపింది.

'మీ జవాబు మాకెంతో నచ్చింది, శనివారం దాని గురించే మీ నోట వినాలనుకుంటున్నాం' అని ఉంది. దాని కింద ఆమె రాసిన జవాబు అక్షరం పొల్లుపోకుండా అచ్చయి ఉంది.

"ఆరో భాగంలో తుఫాను వెలిశాక మనవరాలు తాత పుస్తకం తెరుస్తుంది. తాత ముప్ఫై ఏళ్ళు అందులో ఓడల పేర్లు తప్ప ఏమీ రాయలేదు. ఈ పిల్లకు ఏ ఓడ పేరూ తెలియదు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, 'ఈ రాత్రి ఎవరూ మునగలేదు, నాకు ఆకలేస్తోంది' అని రాస్తుంది. రాసి తనలో తనే నవ్వుకుంటుంది. మా హాస్టల్లో ఎనిమిదిమందిమి ఒకే మంచం మీద కూర్చుని చూశాం. మర్నాడు నేను తప్పిన పరీక్ష మళ్ళీ రాయాలి. తాతకు అన్నీ తెలుసు కాబట్టి మొదటి నాలుగు భాగాల్లో నాకెప్పుడూ భయం వేయలేదు. ఈ పిల్లకు ఏమీ తెలియదు, నాలాగే. తెలియకుండానే దీపం వెలిగిస్తుంది. అందుకే నాకు కొత్త దారే ఇష్టం."

దీన్నే అతను నలభై ఒక్కమందికి పంపాడు. పాత రేవు సంఘం కార్యదర్శి భార్యకు కొత్త దారి ఇష్టమట.

అబద్ధం ఆడాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. పెళ్ళిచూపుల తర్వాత విడిగా మాట్లాడుకోమని పెద్దవాళ్ళు టీ కొట్టుకు పంపిస్తే, అతను గ్లాసు వంక చూస్తూ, "పొగమంచు రేవు చూశారా?" అని అడిగాడు. "నాకు ప్రాణం," అంది. అది నిజమే. "మొదటి నాలుగేగా?" అన్నాడు. అలా అడిగినప్పుడు ఆ కళ్ళలో ఎంత ఆశ ఉందంటే, కాదనడానికి ఆమెకు నోరు రాలేదు. తలూపింది. అంతే, ఒక్కసారి ఊపిన తల ఆగలేదు. ఆ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం ఒక భాగం చూడడం ఆనవాయితీ. నాలుగూ అయ్యాక మళ్ళీ మొదటిది. ప్రతి ఆదివారం అతను పక్కన కూర్చుని, "చూశావా, ఆ మౌనం చూశావా," అంటాడు, ఆమె తలూపుతుంది.

"ఈయనెవరో గానీ ఇవి పెట్టుకుని నవ్వాడంటే ఎదుటివాళ్ళకు కళ్ళు తిరుగుతాయి," అన్నారు మాస్టారు వెనకనుంచి. వంగి అచ్చు వంక చూస్తున్నారు. "నాలుగో పన్ను ఎటు పెట్టావమ్మా?"

పిచ్చుక పన్ను ఊడదీసి ఎడమవైపు పెట్టింది. పక్కబల్ల దగ్గర పంటి తొడుగులకు రంగులద్దే పింగాణీ అక్క, మాస్టారు వెళ్ళాక కుర్చీ దగ్గరికి లాక్కుంది. సంగతంతా విని, కుంచె నీళ్ళలో జాడిస్తూ, "ఇంతేనా," అంది.

"ఇంతేనా అంటావేంటక్కా. ఆయనకిది ఆటపాట కాదు. నాకోసం నాలుగు పేజీలు తయారుచేస్తానని మొన్నటినుంచీ అంటున్నాడు, ఎంపికైతే అక్కడ చదవాలట. కొత్త దారి ఎందుకు తప్పో వివరంగా."

"చదివేసిరా."

"వాళ్ళు పిలిచింది నేను రాసిన ముక్క చూసి. వెళ్ళి దానికి అడ్డంగా మాట్లాడితే వాళ్ళని మోసం చేసినట్టు. నా మాట నేను చెబితే ఈయన మొహం ఎలా చూడను?"

"నేను పాడతానని మావాళ్ళు మా ఆయనతో చెప్పారు పెళ్ళికి ముందు. నెలకే బయటపడింది. బతికే ఉన్నాడుగా. ఇంటికెళ్ళి నీ నోటితో నువ్వే చెప్పు. వేరేవాళ్ళ నోట వింటేనే మంట."

ఆ మాట బాగానే ఉంది. కానీ నలభై ఒక్క నోళ్ళు అప్పటికే తెరుచుకుని ఉన్నాయని పిచ్చుకకు తెలుసు. సాయంత్రం దాకా ఫోను మళ్ళీ మోగలేదు. అతను మామూలుగా మూడింటికి టీ తాగుతూ ఒకసారి చేస్తాడు. ఈవేళ చేయలేదు.

ఇంటికి నడిచి వెళ్తూ దారిలో బ్రెడ్డూ గుడ్లూ కొంది. మామూలుగా ఆ దారంటే ఆమెకు పండగ. సొంత ఇంటి తాళంచెవి సంచి అడుగున చిన్నగా గలగలలాడుతుంది, మూలమలుపు తిరగగానే పైఅంతస్తు కిటికీలో రెండు తువ్వాళ్ళు పక్కపక్కన ఆరుతూ కనిపిస్తాయి, ఒకటి తనది. ఈవేళ తువ్వాళ్ళు కనిపించాయి గానీ, మెట్లెక్కే ముందు మళ్ళీ ఒకసారి ఫోను చూసుకుంది.

అత్తగారు తలుపు తీసింది. ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి నిరుడే మానేసిన మనిషి. ఇంట్లో ఏ గది నుంచి పిలిచినా చివరి సీటుకు వినిపించేట్టు పిలుస్తుంది.

"ఏమ్మా, సినిమావాళ్ళు పిలిచారట. వాడు మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పాడు. చెప్పిన పద్ధతి చూస్తే పిలిచినట్టు లేదు, పోలీసులు పట్టుకెళ్ళినట్టుంది. ఏంటి సంగతి?"

"ఆయన రానివ్వండి అత్తయ్యా, చెబుతాను. ఇద్దరికీ ఒకేసారి చెబితే ఒకసారే ఏడవొచ్చు."

"ఏడుపుదాకా వచ్చిందా. అయితే ముందు టీ పెట్టు."

టీ మరుగుతుండగానే అతను వచ్చాడు. మామూలుగా గుమ్మంలోంచే 'పిచ్చుకా' అంటాడు. ఈవేళ బల్ల దగ్గరి కుర్చీలో కూర్చుని బూటు లేసులు విప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో లేసు విప్పడానికి పట్టిన టైములో ఇంకొకరైతే బూట్లే కుట్టేస్తారు. విప్పి, ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేను రాసిందే."

"నేను రాసిచ్చింది?"

"చెరిపేశాను."

అత్తగారు మూడు గ్లాసులూ తెచ్చి బల్ల మీద పెట్టి, ఇద్దరికీ మధ్య ఉన్న కుర్చీలో కూర్చుంది. సీటు ఖాళీ ఉంటే నిలబడడం ఆమె వృత్తికే అవమానం.

"పన్నెండు ఆదివారాలు," అన్నాడు అతను. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది పిచ్చుకకు. "నా పక్కన కూర్చుని తలూపావు."

"పదకొండు. ఒక ఆదివారం నాకు జ్వరం."

"నేను పిచ్చివాడిలా ఆ అద్దం తుడిచే సన్నివేశం గురించి చెప్పుకుంటూ పోయాను. నువ్వు లోపల నవ్వుకున్నావా?"

"లేదు. ఒట్టు. ఆ సన్నివేశం నాకూ ఇష్టమే. తాత అద్దం తుడిచే నాలుగు నిమిషాలూ నేను నిన్నే చూస్తుంటాను. నువ్వు ఊపిరి కూడా సరిగ్గా తీసుకోవు."

అత్తగారు టీ గ్లాసులోకి చూస్తూ దగ్గింది. 'నువ్వు' అన్నానని పిచ్చుకకు అప్పుడు తెలిసింది. చెవులు వేడెక్కాయి. అయినా దారిలో దిగిపోయే సమయం కాదు.

"నచ్చలేదని కాదు, చెప్పలేకపోయాను. ఆ రోజు టీ కొట్లో అలా అడిగితే ఎలా కాదంటాను? ఆ తర్వాత రోజురోజుకీ ఆలస్యమైపోయింది. తప్పే. కానీ ఆ జవాబు మాత్రం అబద్ధం కాదు."

అతను గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు గానీ తాగలేదు. "నాకా తాత ఎందుకిష్టమో తెలుసా నీకు? రోజుకి వెయ్యిమంది ఎక్కి దిగుతారు నేను చూసే లిఫ్టులు. ఒక్కడికైనా నా పేరు తెలుసా? తెలియాల్సిన పని లేదు. తాడు తెగకపోతే చాలు. ఆయనా అంతే. ఓడలు పోతుంటాయి, దీపం వెలిగించిందెవరో ఎవరికీ తెలియదు. ఆయన పని అంత గౌరవంగా చూపించిన చోట, ఈ పిల్ల వచ్చి ఈలలు వేసి గెంతితే నాకు ఎలా ఉంటుంది? నా పనినే వెక్కిరించినట్టు ఉంటుంది."

ఈ మాట అతను ఇన్ని ఆదివారాల్లో ఎప్పుడూ చెప్పలేదు. మౌనం బాగుందన్నాడు, వెలుతురు బాగుందన్నాడు, ఇది చెప్పలేదు. పిచ్చుక అతని గ్రీజు వదలని గోళ్ళ వంక చూసింది.

"నేను చేసే పళ్ళతో తినేవాళ్ళకీ నా పేరు తెలియదు," అంది నెమ్మదిగా. "నేను పని చేస్తూ పాటలు పాడతాను. మాస్టారు తిడతారు. పాడినంత మాత్రాన పళ్ళు వంకరపోలేదు. ఈవేళ ఒకటి పోయిందనుకో, అది వేరే సంగతి. ఆ పిల్ల ఈల వేస్తూనే దీపం వెలిగిస్తుంది. ఒక్క రాత్రి కూడా ఆరనివ్వదు."

"ఆరనివ్వదు సరే. తాత పుస్తకాన్ని ఏం చేసింది? ముప్ఫై ఏళ్ళ రాత. తీసుకెళ్ళి సముద్రంలోకి విసిరేసింది. దాన్ని ఎలా క్షమిస్తారు ఎవరైనా? పైగా నువ్వు రాసిన దాంట్లో అదో తప్పు. విసిరేసిన పుస్తకంలో ఆ పిల్ల మళ్ళీ ఎలా రాసింది? సంఘంలో ముప్ఫై ఏడు మెసేజ్‌లు, అందరిదీ అదే ప్రశ్న. కార్యదర్శి భార్య సినిమా సరిగ్గా చూడలేదని. నాకు తల కొట్టేసినట్టయింది."

పిచ్చుక గ్లాసు కింద పెట్టింది.

"విసిరింది పుస్తకం కాదు."

"మరి?"

"బిస్కెట్ల డబ్బా. తాత పుస్తకం దాచుకునే రేకు డబ్బా. పుస్తకం తన కోటు లోపల దాచుకుంటుంది. డబ్బా విసరగానే ఇంటర్వెల్ వస్తుంది, పుస్తకమే విసిరిందని మనం అనుకుంటాం. ఇంటర్వెల్ అయ్యాక పావుగంటకి కోటు విప్పి తీస్తుంది. మా హాస్టల్లో ఆ చోట ఎనిమిదిమందీ అరిచిన అరుపుకి వార్డెన్ పరిగెత్తుకొచ్చింది. సినిమా చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది." అని, అతని వంక తిరిగింది. "మీరు ఆరో భాగం చూశారా?"

అతను టీ తాగాడు. ఒక్క గుక్కలో, వేడివేడిది.

"చూశావా లేదా, అడుగుతోందిగా," అంది అత్తగారు.

"అయిదో భాగం పది నిమిషాలు చూశాను," అన్నాడు చివరికి. "తాత పడవెక్కగానే మేం తొమ్మిదిమందిమి లేచి బయటికొచ్చేశాం. థియేటర్ మెట్ల మీదే సంఘం పెట్టాం. నాలుగో భాగం టికెట్ ముక్క మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాం, నాలుగు దాటమని."

"మరి ఆరూ ఏడూ ఎనిమిదీ తొమ్మిదీ? వాటి మీద మీరు రాసిన సమీక్షలు? బెలూన్ల కొట్టు?"

"ఒక పద్ధతి ఉంది." అతని గొంతు బాగా చిన్నదైంది. "కొత్తది విడుదలైనప్పుడల్లా చీటీలు వేస్తాం. ఎవరి పేరొస్తే వాడు వెళ్ళి చూసి వస్తాడు. వాణ్ణి బలిమేక అంటాం. వాడొచ్చి చెబుతాడు, మిగతావాళ్ళం దాన్నిబట్టి రాస్తాం."

"చూడకుండా తిట్టడానికి చీటీలు కూడానా," అంది అత్తగారు. "మా బస్సులో టికెట్టు లేకుండా ఎక్కి సీటు బాగాలేదని పోట్లాడేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళే నయం, కనీసం ఎక్కేవాళ్ళు."

పిచ్చుకకు నవ్వొస్తోంది. నవ్వితే కొంప మునుగుతుందని పెదవి కొరికి పట్టుకుంది. "ఆరో భాగానికి బలిమేక ఎవరు?"

"ఫొటోగ్రాఫరు."

"ఆయనకి ఫోన్ చెయ్యండి."

అతను చేసి, అందరికీ వినిపించేట్టు బల్ల మీద పెట్టాడు. అవతల ఫొటోగ్రాఫరు మహా హుషారుగా ఉన్నాడు.

"చెప్పు కార్యదర్శీ. చెల్లెమ్మ ఏంటి అలా రాసేసింది? మా అందరికీ ఒకటే దిగులు."

"అది సరే గానీ, ఆరో భాగంలో ఆ పిల్ల విసిరింది పుస్తకమేనా?"

"పుస్తకమే. నా కళ్ళారా చూశాగా. ధబీమని నీళ్ళలో పడింది."

"ఇంటర్వెల్ తర్వాత ఏమైంది?"

అవతల ఉన్నట్టుండి చప్పుడు లేదు.

"ఏరా, ఉన్నావా?"

"ఉన్నాను. ఎనిమిదేళ్ళయిందిరా, ఇప్పుడెందుకు అదంతా?"

"ఇంటర్వెల్ తర్వాత ఏమైందిరా?"

"టీ తాగుదామని బయటికొచ్చాను," అన్నాడు ఫొటోగ్రాఫరు. "పొద్దుట్నుంచీ వాన, సరిగ్గా అప్పుడే వెలిసింది. వెలుతురు ఎంత బాగుందంటే, కెమెరా చేతిలో ఉంది, అలా నాలుగు ఫొటోలు తీసుకుంటూ నడిచాను. నడిస్తే ఇల్లు వచ్చేసింది. అప్పటికే పుస్తకం విసిరేశాక ఇక చూడ్డానికేముంది అనుకున్నా. ఎందుకు, ఏమైంది?"

"అది బిస్కెట్ల డబ్బా అన్నయ్యా," అంది పిచ్చుక.

"ఏది?"

"విసిరింది."

ఫొటోగ్రాఫరు నీరసంగా, "అధ్యక్షుడుగారికి చెప్పకు," అని పెట్టేశాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఎనిమిదేళ్ళుగా వాదిస్తున్న సంఘం, తీరా చూస్తే కుందేల్నే పట్టుకోలేదు. అతను రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. పిచ్చుక కంగారుగా లేచి భుజం మీద చెయ్యి వేసింది. వేశాక తెలిసింది, ఆ భుజం ఊగుతోంది. నవ్వుతున్నాడు. ముందు శబ్దం లేకుండా, తర్వాత కుర్చీ కిర్రుమనేట్టు.

"ఎనిమిదేళ్ళు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "అయిదు వందల పైచిలుకు పోస్టులు పెట్టాను పిచ్చుకా, ఆ పుస్తకం గురించి. దాన్ని తలుచుకుంటూ కవిత కూడా రాశాను."

"కవితా? నాకు చూపించలేదే."

"చూపించను. చచ్చినా చూపించను."

అతను ఫోను తీసుకుని ఆమె జవాబు మళ్ళీ మొదట్నుంచి చదివాడు. ఈసారి వెలుతురులో, గ్రీజు లేని వేలితో, తొందర లేకుండా. ఒక చోట ఆగి పైకి చదివాడు. "ఈ రాత్రి ఎవరూ మునగలేదు, నాకు ఆకలేస్తోంది." మళ్ళీ ఇంకోసారి, పెదాలతోనే. "పధ్నాలుగు అంతస్తులు దిగి కిందికి చేరాక నాకూ సరిగ్గా ఇదే అనిపిస్తుంది," అన్నాడు.

"అందుకే రాసిందమ్మా ఆ పిల్ల," అంది అత్తగారు. "ఆ తాత ఉన్నాడే, నాలుగు సినిమాల్లో మనవరాలు ఎన్నిసార్లు పైకొచ్చింది? ఒక్కసారైనా తిన్నావా అని అడిగాడా? నాకు మొదట్నుంచీ ఆయనంటే పడదు."

"అమ్మా, నువ్వు కూడానా."

"నన్నెవరు అడిగారు? ఆదివారం ఆ సోఫా మెత్తగా ఉంటుంది, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. బస్సులో ముప్ఫై ఏళ్ళు దొరకని నిద్ర, ఎందుకు పోగొట్టుకుంటాను?"

అతను లేచి తన సంచిలోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. మధ్యాహ్నం భోజనం మానేసి రాసినవి, నాలుగు పేజీలు, అంచుల నిండా గ్రీజు వేళ్ళ ముద్రలు. బల్ల మీద పెట్టి, అరచేత్తో ఇస్త్రీ చేసినట్టు సాపు చేశాడు. పిచ్చుక వాటి వంక చూసి, అతని వంక చూసింది. అసలు ప్రశ్న అలాగే ఉండిపోయిందని ఇద్దరికీ తెలుసు.

"శనివారం ఏం చెప్పమంటావ్?" అంది, ఈసారి అత్తగారి ముందే 'నువ్వు' అని.

"వాళ్ళు నిన్ను పిలిచారు. నన్ను కాదు."

"ఊరికే అనకు."

"ఊరికే అనట్లేదు. మధ్యాహ్నం నుంచీ కోపం కాదు నాకు, అసూయ. నేను పేజీలు పేజీలు రాస్తే రాలేదు, నువ్వు పది ముక్కలు రాస్తే వచ్చింది. ఎందుకో ఇప్పుడే తెలిసింది. నువ్వు చూసింది రాశావు, నేను విన్నది రాశాను." కాగితాలు మళ్ళీ మడిచాడు. "నీ మాటే చెప్పు. నా మొహం చూడాల్సొస్తుందని ఒక్క ముక్క కూడా తగ్గించకు. కానీ నాకు కొత్త దారి నచ్చుతుందని మాత్రం మాటివ్వను. ఈలలంటే ఇప్పటికీ ఒళ్ళు మంట."

"నచ్చక్కర్లేదు. చూశాక నచ్చలేదను, నేనేమీ అనను. ఇద్దరం కూర్చుని పోట్లాడుకుందాం, ప్రతి ఆదివారం. తలూపి తలూపి నాకు మెడ పట్టేసింది."

"రెండో భాగం అద్దం సీను గురించి కూడా చెప్పు అక్కడ. ఒక్క వాక్యం."

"రెండు చెబుతాను."

అతను ఆ మాటకి మనస్ఫూర్తిగా నవ్వాడు. పిచ్చుకకు లోపల ఎక్కడో రోజంతా బిగుసుకున్న మర ఒకటి వదులైంది. అత్తగారు లేచి, మీ పంచాయితీ తీరిందిగా నేను గుడ్లు వేయిస్తా అని వంటింట్లోకి వెళ్ళింది. ఫోను మాత్రం బల్ల మీద వణుకుతూనే ఉంది. సంఘంలో మెసేజ్‌లు యాభై దాటాయి. కార్యదర్శి ఇంకా జవాబివ్వలేదు.

"ఏం చెప్పను వీళ్ళకి?" అన్నాడు.

"నిజం చెప్పు. ఫొటోగ్రాఫర్ అన్నయ్య పేరు మాత్రం పెట్టకు, పాపం."

"వట్టి నిజం చెబితే నమ్మరు. మా సంఘం సంగతి నీకు తెలియదు. చూపించాలి." నిటారుగా కూర్చుని ఫోను ఆమె చేతికిచ్చాడు. "నేను చెబుతా, నువ్వు ఎక్కించు. ఈసారి చెరపకు."

"చెరపను."

సంఘం ప్రకటనలకు వాడే గొంతు సవరించుకుని, వంటింట్లో గుడ్లు చిటపటలాడుతుండగా, అతను చెప్పసాగాడు, ఆమె ఎక్కించసాగింది.

"సభ్యులందరికీ కార్యదర్శి మనవి. రేపు శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు మా ఇంట్లో ఆరో భాగం వేస్తున్నాం. ఒట్టు సంగతి అధ్యక్షుడుగారు వస్తే ఆయన సమక్షంలో, రాకపోతే నా పూచీ మీద తేల్చుకుందాం. టీ మాది, కుర్చీలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. మధ్యలో ఎవరూ లేవకుండా తలుపు దగ్గర మా అమ్మ కూర్చుంటుంది. ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పొచ్చు, సినిమా అయిపోయాక."